కోడికి గడ్డ లేచిందా? బ్లేడు కాసేపు పక్కన పెట్టండి (అపోహలు - వాస్తవాలు)

మిద్దె మీద నాలుగైదు నాటుకోళ్లు పెంచుకునేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు, దాంతోపాటే నా ఫోన్‌కు వచ్చే గడ్డల ఫొటోలూ పెరిగాయి. పొద్దున్నే టీ తాగుతుంటే ఒక ఫొటో, దాని కింద "డాక్టరు గారూ, ఏం మందు వేయాలి" అని ఒక లైను. ఫొటోలో గడ్డ కనబడుతుంది సరే, అది మెత్తగా ఉందా గట్టిగా ఉందా, తోలుతో పాటు కదులుతోందా అన్నది వేళ్లతో తడిమితేనే తెలుస్తుంది. పశువైద్యుడిగా నేను ఎక్కువసార్లు వినే మాటలు కొన్ని, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: గడ్డ అంటే లోపల చీము ఉన్నట్టే, కోసేస్తే పోతుంది.

ఒకాయన సాయంత్రం పూట తన పెట్టకు మెడ కింద, రొమ్ముకు కాస్త కుడివైపు నిమ్మకాయంత ఉబ్బు చూసి కొత్త బ్లేడుతో గాటు పెట్టారు. చీము రాలేదు, జొన్నలు రాలాయి. కోడి తిన్న గింజలు ముందుగా చేరే సంచి అది. లోపలి సంచికి విడిగా, పై తోలుకు విడిగా కుట్లు వేసి పంపాను, బతికింది; ఆయన ఎప్పుడు కనబడినా జొన్నల సంగతి మాత్రం నేను ఎత్తను. మెడ కింద ఉబ్బు కనబడితే ఆ రాత్రికి గూట్లో పెట్టేసి, పొద్దున మేత వేయకముందే తడిమి చూడండి. తగ్గిపోతే అది మేత. పొద్దునకీ అలాగే నిండుగా ఉండి, నోటి నుంచి పులిసిన వాసన వస్తుంటే అప్పుడు జబ్బు, అయినా దానికీ మందు బ్లేడు కాదు.

కుక్క పట్టి వదిలేసిన కోడికి ఒక్కోసారి తోలు కింద బెలూన్‌లా ఉబ్బుతుంది, నొక్కితే కరకరమన్నట్టు ఉంటుంది. లోపలి గాలితిత్తి చిరిగి గాలి తోలు కిందకు చేరిందన్నమాట. ఇక ఈకల మొదళ్ల దగ్గర గట్టి బుడిపెలు చాలా ఉండి, కోడి చిక్కిపోతూ కాలు ఈడుస్తుంటే మారెక్స్ అనే వైరస్ జబ్బును అనుమానిస్తాం. దానికి వైద్యం లేదు, పిల్ల పుట్టిన రోజున వేసే టీకాయే దారి.

అపోహ: చీమైతే సిరంజితో లాగేయొచ్చు, నొక్కితే కారిపోతుంది.

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. మన ఒంట్లో చీము పల్చగా ఉంటుంది, ఎందుకంటే మన తెల్లరక్తకణాల్లో చచ్చిన కండను కరిగించే సరంజామా ఉంటుంది. కోడి తెల్లకణాల్లో అందుకు కావలసిన ఒక ముఖ్యమైన ఎంజైము లేదు. అందుకే దాని చీము పనీరు ముక్కలా గట్టిపడి, చుట్టూ ఒక తొడుగు కట్టుకుని కూర్చుంటుంది. సూదికి రాదు. గట్టిగా నొక్కితే లోపలి కండలోకి ఇంకా తోసుకుపోతుంది. యాంటీబయాటిక్ కూడా ఆ ముద్ద లోపలికి సరిగా చేరదు, కాబట్టి పది రోజులు మాత్రలు వేసినా గడ్డ అలాగే ఉంటుంది, మనం మందు పనిచేయలేదని ఇంకో మందు కొంటాం. మత్తిచ్చి, తెరిచి, ఆ ముద్దను తొడుగుతో సహా తీసేయాలి.

దీనికి సరైన ఉదాహరణ అరికాలి గడ్డ. పాదం మధ్యలో నల్లటి చెక్కు, చుట్టూ వాపు, కోడి ఒంటికాలి మీద నిలబడటం. ఎక్కువగా స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా పని, అది దూరేందుకు దారి మాత్రం మనమే ఇస్తాం: సిమెంటు గచ్చు, తడిసిన ఊక, ఎత్తు నుంచి దూకడం, దాణా ఎక్కువై ఒళ్లు బరువెక్కడం. ఇంకా ఎరుపు మాత్రమే ఉంటే ఊక మార్చి, కూర్చునే కర్రను కిందికి దించి, దాని అంచులు నున్నగా చేస్తే చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. చెక్కు కట్టి వాచాక ఇంట్లో గిల్లకండి, లోపల స్నాయువులు దగ్గరగా ఉంటాయి, ఎముకకు పాకితే కాలే పోతుంది. పాదం ముట్టుకునేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఆ బ్యాక్టీరియా మన చేతి పుండులోకీ వస్తుంది.

అపోహ: జుట్టు (కోడి తల మీది ఎర్రటి తురాయి) మీద కురుపులకు యాంటీబయాటిక్ వేయాలి, చెక్కులు పీకేయాలి.

పల్లెల్లో అమ్మవారు పోసిందంటారే, ఆ ఫౌల్ పాక్స్ వైరస్ జబ్బు. దోమలు మోస్తాయి. జుట్టు మీద, కళ్ల చుట్టూ వచ్చిన పక్కులు మూడు నాలుగు వారాల్లో వాటంతట అవే రాలిపోతాయి. పీకితే రక్తం వస్తుంది, రాలిన పక్కులోనూ వైరస్ బతికే ఉంటుంది. పల్చటి బెటాడిన్ అద్దండి, కన్ను మూసుకుపోతే మేత, నీళ్లు దగ్గరగా పెట్టండి. నోటి లోపల పసుపు పొరలు కట్టి ఊపిరికి ఎగబీలుస్తుంటే మాత్రం ఆసుపత్రికే.

అపోహ: పసుపు అద్దితే ఏ పుండైనా మానుతుంది.

పసుపు మీద నాకు కోపం లేదు. కడగని పుండు మీద మందంగా మెత్తితేనే చిక్కు, పైన గట్టి పొర కట్టి లోపల కుళ్లుతుంది. కిరసనాయిలు, పెట్రోలు మాటే వద్దు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాతో ఒకటిన్నర, కలిపి సిరంజితో ధారగా కడగండి. చుట్టూ ఈకలు కత్తిరించండి. తర్వాత టీ డికాక్షన్ రంగులోకి పల్చన చేసిన బెటాడిన్. ఈగలు వాలి పురుగు పడితే పట్టకారుతో ఒక్కొక్కటీ తీయాలి, వేరే దారి లేదు. రక్తం కనబడిన కోడిని ఆ క్షణమే గంప కింద విడిగా పెట్టండి, లేకపోతే మిగతావి పొడిచి పొడిచి ప్రాణం తీస్తాయి.

సంక్రాంతి దాటిన వారంలో కొన్ని పుంజులు వస్తాయి. "దడి దూకుతుంటే తీగ గీసుకుంది సార్" అంటారు. తీగ అంత నున్నగా కోయదని ఇద్దరికీ తెలుసు. బట్టలు కుట్టే దారంతో మట్టి లోపలే ఉంచి కుట్టేసి ఉంటారు. మురికి పుండును కుట్టి మూసేయకూడదు, కడిగి తెరిచి ఉంచితేనే కింది నుంచి పూడుకుంటుంది.

అపోహ: మనం వాడే మాత్రే కదా, చిన్న ముక్క వేస్తే ఏమవుతుంది?

నొప్పికి మనం వేసుకునే డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తినే రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి, 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. మీ కోడీ పక్షే. మొద్దుబారడానికి పూసే లిగ్నోకైన్ జెల్ కూడా మోతాదు కాస్త దాటితే చిన్న ఒంటికి విషమే. యాంటీబయాటిక్ వేస్తే డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా ఆ గుడ్లు పిల్లలకు పెట్టొద్దు.

"ఒళ్లు కాలిపోతోంది, జ్వరం మాత్ర వేశాం" అని కూడా అంటారు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. మన చేతికి అది ఎప్పుడూ జ్వరమే.

అపోహ: మేత తింటోందంటే బాగున్నట్టే.

కోడి జబ్బును దాచుకుంటుంది, ముక్కు వాల్చి కూర్చునేసరికి ఆలస్యమైపోతుంది. పిల్లి పన్ను గాటు పైకి సూదిపోటంతే కనబడుతుంది, లోపల మాత్రం చాలా బ్యాక్టీరియా దిగుతుంది. అలాంటి గాటుకు అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఒక్క విషయంలో మాత్రం మీరు అసలు చెయ్యి పెట్టొద్దు. ఒకేసారి రెండు మూడు కోళ్లకు ముఖం వాచి, జుట్టు నీలంగా మారి, టపటపా చనిపోతుంటే అది పుండూ గడ్డా కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, గుర్తుండే ఉంటుంది. చచ్చినవాటిని కోయకండి, కాలవలో పడేయకండి, మిగిలినవాటిని బంధువులకు పంచకండి. గూడు మూసి, చేతులు సబ్బుతో కడుక్కుని దగ్గరి పశువుల ఆసుపత్రికి గానీ పశువైద్య సహాయ నంబరు 1962కు గానీ ఫోన్ చేయండి.