నవ్వుల పాత్రకు వదిలిన భాష: నెల్లూరు, ప్రకాశం యాసలో హాస్య కవిత వెనుక చరిత్ర

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఉగాది కవిసమ్మేళనాలకు వెళ్లేవారికి ఒక సంగతి కొత్త కాదు. వరుసగా కవులు చదువుతూ పోతుంటే మర్యాదగా చప్పట్లు కొట్టే సభ, ఎవరో ఒకరు లేచి తన ఊరి యాసలో కట్టుకొచ్చిన హాస్య కవితను కాగితం చూడకుండా అందుకోగానే ఒక్కసారిగా మేలుకుంటుంది. అదే కవి ఆ కవితలన్నింటినీ కూర్చి, సొంత డబ్బుతో చిన్న పుస్తకం వేయించి, ముందుమాట కోసం పెద్దల దగ్గరకు వెళ్తే, హాస్యం పండిందని మెచ్చుకుంటూనే ఇకమీదట కాస్త గంభీరమైన కవిత్వం వైపు దృష్టి పెట్టమని సలహా ఇచ్చి పంపుతారు. వేదిక మీద అంత ఇష్టంగా విన్న భాష అచ్చులోకి వచ్చేసరికి ఎందుకు తక్కువైపోతుందన్నది ఇక్కడి చిన్న రచయితలను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే నూటపాతికేళ్లకు పైగా వెనక్కి వెళ్లక తప్పదు.

ఈ నేలకు ప్రాచీన సాహిత్యపు బరువు ఎక్కువ. కవిత్రయంలో ఇద్దరు ఇక్కడివారే. తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్నాడు. కందుకూరు దగ్గరి గుడ్లూరుకు చెందిన ఎర్రన, అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ప్రాపు పొందాడు. అంతకు చాలా ముందే, సుమారు 848 నాటి పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ అనే దేశి ఛందస్సులో పద్యం కనిపిస్తుంది. నిజానికి ఈ వారసత్వం వాడుక మాటకు శత్రువేమీ కాదు. తిక్కన సంభాషణల్లోని నానుడిని, ఎత్తిపొడుపును, మాటకు మాట అప్పగించే ఒడుపును విమర్శకులందరూ మెచ్చుకున్నారు. అయినా తిక్కన ఊరివాళ్లమన్న గర్వం ఆ నానుడి మీదికి కాక పద్యపు బిగి మీదికే మళ్లింది.

యాస అచ్చులోకి వచ్చిన దారిని చెప్పాలంటే వేదం వేంకటరాయశాస్త్రి దగ్గర ఆగాలి. ఆయన 1897లో వెలువరించిన ప్రతాపరుద్రీయ నాటకంలో రాజులు, మంత్రులు గ్రాంథికం మాట్లాడితే, చాకలి పేరిగాడు మొదలైన పాత్రలు తమ ఇంటి మాటలే మాట్లాడతాయి. సంస్కృత నాటకాల్లో కింది పాత్రలకు ప్రాకృతం ఇచ్చినట్లే తెలుగు నాటకంలో పాత్రకు తగిన భాష ఉండాలన్నది ఆయన వాదం. నాటకాల్లో గ్రామ్యం వాడడం దోషమన్న పండితులకు ఆయన గట్టిగానే సమాధానమిచ్చారు. నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజాన్ని నెలకొల్పి, నాటకాలు ఆడించి, ఆ భాష ప్రేక్షకుల చెవిన పడేటట్లు చేశారు. పేరిగాడు రంగం మీదికి వస్తే జనం విరగబడి నవ్వారంటే అందులో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే అంతవరకు అచ్చుకు ఎక్కని తమ ఇళ్లలోని మాట వారికి అక్కడ వినిపించింది.

అయితే అదే శాస్త్రిగారు, తరువాత గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం నడిపినప్పుడు గ్రాంథికం పక్షానే నిలిచారు. ఇందులో ఆయన దృష్టికి వైరుధ్యమేమీ లేదు. గ్రామ్యం పాత్రకు సొత్తే గాని రచయితకు కాదు. పేరిగాడు మాట్లాడవచ్చు గాని పేరిగాడి భాషలో గ్రంథకర్త ఆలోచించరాదు. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో యాస కవిత్వం ఇవాళ్టికీ ఎదుర్కొంటున్న ఇబ్బందికి మూలం ఈ ఏర్పాటులోనే ఉందని నా అభిప్రాయం. యాసకు తలుపు తెరిచిన చేయే దానికి కూర్చునే చోటు కూడా నిర్ణయించింది. ఆ చోటు హాస్యం, అందులోనూ కింది కులాల పాత్రల మీద పుట్టే హాస్యం.

జానపద రంగస్థలంలో కూడా ఇలాంటి విభజనే ఉంది గాని అక్కడ దాని ఫలితం వేరు. తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు పద్యాలు పాడుతుంటే కేతిగాడు, బంగారక్క ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి మాటల్లో తిట్టుకుంటారు. బుర్రకథలో కథకుడికి ఒక పక్క రాజకీయ వంత, రెండో పక్క హాస్య వంత. పిట్టలదొర కర్ర తుపాకి భుజాన వేసుకొని, లేని జమీందారీని వర్ణిస్తూ ఊపిరి తిప్పుకోకుండా కోతలు కోస్తాడు. వీరందరికీ ఒక స్వేచ్ఛ ఉంది: కథ త్రేతాయుగంలో నడుస్తున్నా వాళ్లు ఈనాటి కరణం మీద, అప్పు మీద, వానరాని మబ్బు మీద మాట విసరగలరు. అంటే ఇక్కడ యాస మాట్లాడేవాడు నవ్వుకు గురి అయ్యేవాడు మాత్రమే కాదు, గురిపెట్టేవాడు కూడా. నేటి హాస్య కవులు తెలిసో తెలియకో పేరిగాడి కంటే కేతిగాడికే దగ్గరి చుట్టాలు.

వ్యావహారికోద్యమం గెలిచిన తరువాత పరిస్థితి మారాలి, కానీ నెల్లూరు మాటకు అందులో పెద్దగా వాటా దక్కలేదు. పత్రికలు, పాఠ్యపుస్తకాలు చివరకు స్థిరపరచుకున్న వాడుక భాష ప్రధానంగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి భాష. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962 నుంచి వెలువడిన మాండలిక వృత్తి పదకోశం పనితో తెలుగు మాండలికాలకు ఒక శాస్త్రీయమైన పటం ఏర్పడింది. అందులో నెల్లూరు రాయలసీమతో కలిసి దక్షిణ మండలంలోకి, గుంటూరు మధ్య మండలంలోకి వస్తాయి. ప్రకాశం జిల్లా సంగతి మరీ చిత్రం. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పొందిన ఈ జిల్లాను నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపును, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపును, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపును తీసి కలిపారు. కాబట్టి ప్రకాశం యాస అని ఒకటే యాసను చూపడం కష్టం. గిద్దలూరు మనిషి మాటలో సీమ పలుకుతుంది, చీరాల మనిషి మాటలో గుంటూరు పలుకుతుంది. 2022లో చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాకు, కందుకూరు మళ్లీ నెల్లూరుకు వెళ్లినప్పుడు పటం మీద గీతలు మారాయి గాని ఎవరి మాటా మారలేదు.

నెల్లూరు గడ్డ మీద కవిత్వంలో హాస్యాన్ని ఆయుధంగా ఎత్తినవాడు పఠాభి. తిక్కవరపు పట్టాభిరామరెడ్డి 1939లో ఫిడేలు రాగాల డజన్ వెలువరించి, వచన పద్యాలనే దుడ్డుకర్రలతో పద్యాల నడుములు విరగదంతానని, చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని దండిస్తానని ప్రకటించాడు. ఆ తిరుగుబాటులో చిలిపితనం నిండుగా ఉంది, మద్రాసు నగరం ఉంది, ఇంగ్లీషు ఉంది. లేనిదల్లా నెల్లూరు యాస. వ్యాకరణాన్ని ధిక్కరించడం వేరు, ఊరి మాటను నెత్తిన పెట్టుకోవడం వేరు. సంపన్న కుటుంబం నుంచి వచ్చిన ఆ యువకుడికి మొదటిదే అవసరమైంది. రైతు బతుకును కావ్యం చేసిన దువ్వూరి రామిరెడ్డి కూడా రైతు మాటను కాక కావ్యభాషనే ఎంచుకున్నారు. యాసను ప్రజల చెవికి చేర్చే పనిని సినిమా తీసుకుంది. నెల్లూరు జిల్లాకు చెందిన రమణారెడ్డి తన ఊరి పలుకుబడినే పెట్టుబడిగా పెట్టి 1950లలో తెలుగువారందరినీ నవ్వించారు. దానితో నెల్లూరు మాట వినగానే నవ్వడానికి సిద్ధపడడం రాష్ట్రమంతటికీ అలవాటైంది. ఇది ఆయన ప్రతిభకు కొలమానమే గాని, తరువాతి కవికి మాత్రం చిక్కు తెచ్చిపెట్టింది. విషాదాన్ని అదే యాసలో చెప్పబోయినా సభ ముందే నవ్వేస్తుంది.

ఆ చిక్కు కొంత సడలింది 1990ల తొలినాళ్లలో, అదీ సాహిత్య సభల వల్ల కాదు. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు కళాజాతా బృందాలు ఊరూరా తిరిగి పాటలు, చిన్న నాటికలు ప్రదర్శించాయి. తాగుడు గురించి, కూలి గురించి, ఆడవాళ్లు పడే పాట్ల గురించి అక్కడ చెప్పినదంతా వినేవాళ్ల మాటల్లోనే చెప్పారు. 1992లో దూబగుంట మహిళలతో మొదలైన సారా వ్యతిరేకోద్యమానికి ఈ చదువుల కేంద్రాలు, వాటిలోని వాచకాలు ప్రేరణ ఇచ్చాయన్నది అందరూ అంగీకరించిన విషయం. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. తాగుబోతు మొగుడి పాత్ర చూసి నవ్విన ఆడవాళ్లే సారా దుకాణాల ముందు నిలబడ్డారు. నవ్వు, కోపం ఒకే యాసలో పక్కపక్కన నిలవగలవని ఈ జిల్లాకు అప్పుడు రుజువైంది. యాసలో రాసేవారి చరిత్రలో ఈ ఘట్టాన్ని ఎవరూ పెద్దగా తలచుకోకపోవడం నాకు వింతగానే తోస్తుంది.

ఆ దశాబ్దం చివర, 1999లో, కావలికి చెందిన మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు పుస్తకంగా వచ్చాయి. నెల్లూరు మాటలో ఒక ముస్లిం పిల్లవాడి ఇల్లు, వీధి, బడి మొత్తం పలికి, పాఠకులు నవ్వుతూనే కంటతడి పెట్టారు. వచనంలో యాసకు ఆ విధంగా గౌరవం దక్కింది. కవిత్వం మాత్రం వెనుకబడింది. కథకుడికి వారపత్రిక ఉంది, పాఠకుడికి మెల్లగా చదువుకునే తీరిక ఉంది. గొంతు కోసం రాసిన హాస్య కవితకు ఆ రెండూ తక్కువ. దాని ఆశ్రయం చిన్న అచ్చుపనే అయింది. ఒకప్పుడు నెల్లూరివారి పుస్తకాలు మద్రాసులో అచ్చయ్యేవి. అక్కడ 1854లో మొదలైన వావిళ్ల ముద్రణాలయం స్థాపకుల మూలాలు కూడా ఈ జిల్లావే. ట్రెడిల్ యంత్రాలు పట్టణాలకు రావడం, ఆ తరువాత కంప్యూటర్‌లో పుటలు కూర్చే డీటీపీ కేంద్రాలు వీధి వీధికీ వెలవడం వల్ల బడిపంతులు, బ్యాంకు గుమాస్తా, బస్సు కండక్టరు కూడా కొన్ని వందల ప్రతులు వేయించుకోగలిగారు. పుస్తకం చివరి అట్ట మీద 'ప్రతులకు' అని రచయిత ఇంటి చిరునామాయే ఉంటుంది. ఆవిష్కరణ సభలో అమ్ముడైనవి పోగా మిగిలినవి బంధుమిత్రులకు పంచుతారు.

ఈ రకం కవిత తీరు తెలియడానికి, ఎవరి పుస్తకం నుంచీ ఎత్తకుండా నేనే కట్టిన నాలుగు మాటలు ఇవి:

"ఏందబ్బయా, యాడికి పోతుండావు?"
"పెన్నలో నీళ్లొస్తుండాయంట, చూసొద్దామని."
"ఎవురు చెప్పినారు?"
"పేపర్లో ఏసుండారు."
"ఏటికెవురన్నా చెప్పినారా మరి?"

వేదిక మీద దీని బలమంతా చివరి ప్రశ్నకు ముందు ఆగే క్షణంలో ఉంటుంది. కాగితం ఆ ఆగడాన్ని చూపలేదు. అచ్చులో మరో ఇబ్బంది లిపిది. వచ్చాడు, చెప్పాడు వంటి మాటల్లో మనం నిత్యం పలికే 'ఆ', 'ఏ' మధ్య ధ్వనికే తెలుగులో ప్రత్యేకమైన అక్షరం లేదు. దానికి తోడు యాసను ఒక్కో రచయిత ఒక్కో విధంగా రాస్తాడు. ఎవురు అని ఒకరు, యెవురు అని ఇంకొకరు. డీటీపీ చేసే కుర్రవాడు 'పోతుండావు'ను తప్పుగా తలచి 'పోతున్నావు' అని దిద్దితే కవిత సగం చచ్చిపోతుంది. ప్రూఫులు దిద్దే పెద్దమనిషి బాస, కత అన్న మాటలకు ఒత్తులు తగిలిస్తే మిగతా సగం కూడా పోతుంది.

ఈ కవితలన్నీ మంచివని చెప్పడం నా ఉద్దేశం కాదు. పెళ్లాం మీద, వంట మీద, అత్తగారి మీద అరిగిపోయిన జోకులకు యాస తొడిగి సరిపెట్టినవి చాలానే ఉన్నాయి. హైదరాబాదు ప్రేక్షకుడి కోసం ఊరిలో ఎవరూ పలకనంత మొరటుగా యాసను సాగదీసేవారూ ఉన్నారు. అలాంటివారు మళ్లీ పేరిగాడినే రంగం మీదికి తెస్తున్నారు. నెల్లూరు యాస పేరుతో వేదికకు వస్తున్నది ఎక్కువగా భూమి ఉన్న కులాల మగవాళ్ల రచ్చబండ భాష. యానాదుల మాట, పాలెంలోని మత్స్యకార స్త్రీల మాట, కందుకూరు వైపు దళితవాడల మాట ఆ పేరు కింద అరుదుగా వినిపిస్తాయి. రొయ్యల గుంటలు కోస్తా గ్రామాల్లో తెచ్చిన కలిమిలేములు, సోమశిల నీళ్ల కోసం ఎదురుచూపులు, కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లు, ఇవన్నీ వ్యంగ్యానికి కావలసినంత సరుకున్న విషయాలే. వీటిని పట్టుకున్న కవి దగ్గర యాస అలంకారంగా కాక ఆలోచనగానే వినిపిస్తుంది.

ఇప్పుడు ఈ కవితల్లో చాలావరకు సెల్‌ఫోన్ వీడియోల్లో తిరుగుతున్నాయి. గొంతు, ఆగడం, సభ నవ్వు అన్నీ వాటిలో దొరుకుతున్నా, తేదీ, ఊరు, ఒక్కోసారి కవి పేరు కూడా ఉండడం లేదు. పుస్తకాల విషయంలో 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రచురణకర్త కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరాకూ, ఇతర నిర్ణీత గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. సొంతంగా అచ్చు వేయించుకునే కవికి ఆ నిబంధన ఉన్నట్టే సాధారణంగా తెలియదు. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం పాత పత్రికలను, చిన్న పుస్తకాలను దాచిపెట్టడం వల్లనే ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగం గురించి ఎందరో పరిశోధకులు రాయగలిగారు. 1990ల తరువాత నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరు పట్టణాల్లో అచ్చైన యాస కవితల పుస్తకాలకు జాబితా తయారు చేయాలనుకునేవారు మాత్రం గ్రంథాలయానికి బదులు ఆ చివరి అట్టల మీది చిరునామాలతో మొదలుపెట్టవలసి ఉంటుంది.