మలుపులో వెనుక టైర్ల పని

మలుపు మధ్యలో వేగం ఎక్కువైందనిపించగానే కొత్త డ్రైవరు చేసే మొదటి పని యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేయడం. మామూలు కుటుంబ కార్లలో ఈ అలవాటు చాలావరకు మేలే చేస్తుంది. ఇంజను శక్తి వెనుక చక్రాలకు చేరే స్పోర్ట్స్ కారులో, అందులోనూ ఇంజనే వెనుక ఉన్న పోర్షా 911 వంటి దానిలో, కారు గిర్రున తిరిగిపోవడానికి అదే కారణం కావచ్చు. కాబట్టి ఇలాంటి కారును అదుపు చేయడం నేర్చుకోవడమంటే ముందుగా కుడికాలికి శిక్షణ ఇవ్వడమే. స్టీరింగ్ తిప్పడం ఆ తరువాతి సంగతి.

మలుపు తిరిగే కారును లోపలివైపు పట్టి ఉంచే బలం టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ నుంచే రావాలి. ఈ బలం అవసరం వేగం వర్గంతో పెరుగుతుంది కనుక వేగం 10 శాతం పెరిగితే 21 శాతం ఎక్కువ పట్టు కావాలి. 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును మంచి టైర్లతో పొడి రోడ్డుపై గంటకు దాదాపు 80 కి.మీ. వేగంతో తిరగవచ్చు, వాన పడి ఘర్షణ సగమైతే ఆ హద్దు 56 కి.మీ.కు దిగుతుంది.

అయితే టైరుకు ఉన్న పట్టు అంతా మలుపు తిరగడానికే దక్కదు. ముందుకు తోయడానికీ, బ్రేకు వేయడానికీ, పక్కకు పట్టుకోవడానికీ ఉన్నది ఒకే నిల్వ, దాని పంపకం పైథాగరస్ సూత్రాన్ని అనుసరిస్తుంది, అంటే పక్క వాటా వర్గమూ ముందువెనుకల వాటా వర్గమూ కలిపితే నూరు వర్గాన్ని మించకూడదు. పట్టులో 80 శాతం మలుపుకే ఖర్చవుతుంటే ఇంజను వాడుకోవడానికి ఇంకా 60 శాతం మిగులుతుంది. మలుపు 95 శాతాన్ని తీసుకుంటే మిగిలేది 31 శాతమే. ముందు చక్రాలు నడిపే కారులో ఈ లెక్క తప్పితే ముక్కు మలుపు బయటికి జారుతుంది, వేగం తగ్గేకొద్దీ కారు తనంతట తానే దారికి వస్తుంది. వెనుక చక్రాలు నడిపే కారులో వెనుక భాగం బయటికి జారి ముక్కు లోపలికి తిరుగుతుంది, తిరిగినకొద్దీ మలుపు మరింత బిగుస్తుంది. దీనినే ఓవర్‌స్టీర్ అంటారు. ఇంత చిక్కున్నా రేసింగ్‌లో ఈ అమరికను వదులుకోకపోవడానికి కారణముంది: వేగం పెంచేటప్పుడు బరువు వెనుకకు ఒరిగి, నడిపే చక్రాలకే పట్టు పెరుగుతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున పోటీపడిన ఫార్ములా-ఇ విద్యుత్ రేసు కార్లను ముందుకు నడిపినవీ వెనుక చక్రాలే.

ఇప్పుడు కాలు తీసేసిన డ్రైవరు సంగతి చూద్దాం. కారు బరువు 1,200 కిలోలు, ఇరుసుల మధ్య దూరం 2.27 మీటర్లు, గురుత్వ కేంద్రం నేలకు అర మీటరు ఎత్తున ఉన్నాయనుకుందాం. కాలు తీసి బ్రేకును కాస్త తాకడంతో వేగం ప్రతి సెకనుకూ గంటకు 11 కి.మీ. చొప్పున తగ్గితే, దాదాపు 80 కిలోల భారం వెనుక టైర్ల నుంచి ముందు టైర్లకు మారుతుంది. వెనుక పట్టు తగ్గుతుంది, ముందు పట్టు పెరుగుతుంది, పైగా ఇంజను వెనుకకు పట్టి లాగే బలం కూడా ఆ వెనుక టైర్ల వాటాలోంచే పోతుంది. మూడూ ఒకే క్షణంలో జరుగుతాయి.

పోర్షా 911లో దీనికి ఇంజను స్థానం తోడవుతుంది. వెనుక ఇరుసుకు కూడా వెనుకగా వేలాడే ఆ బరువు, క్యారియర్ మీద బియ్యం బస్తా కట్టిన సైకిల్ లాగా, ఒకసారి పక్కకు ఊగడం మొదలైతే అంత తేలికగా ఆగదు. తొలినాళ్ల కార్లలో ముందు బంపర్ మూలల్లో ఇనుప దిమ్మలు అమర్చి ఆ దోషాన్ని కప్పిపుచ్చారు. 1969 మోడల్‌లో వెనుక చక్రాలను వెనుకకు జరిపి ఇరుసుల దూరాన్ని 57 మి.మీ. పెంచారు. ఇంజనీరింగ్ అనదగినది ఈ రెండవదే. 1975లో వచ్చిన 260 హార్స్‌పవర్ 911 టర్బో ఇబ్బందిని మరో రూపంలో తెచ్చింది. యాక్సిలరేటర్ తొక్కాక, పొగ గొట్టపు వాయువులతో తిరిగి ఇంజనులోకి అదనపు గాలిని తోయించే టర్బైను వేగం అందుకునేదాకా శక్తి పెద్దగా రాదు, వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని ముందే ఊహించని డ్రైవరుకు ఆ శక్తి మలుపు మధ్యలోనే చేతికందేది.

1995లో మెర్సిడెస్-బెంజ్ ఎస్-క్లాస్‌లో వచ్చిన స్టెబిలిటీ కంట్రోల్ ఈ భయాన్ని చాలా తగ్గించింది. స్టీరింగ్ కోరిన మలుపునూ కారు నిజంగా తిరుగుతున్న తీరునూ పోల్చి, వెనుక భాగం జారితే బయటివైపు ముందు చక్రానికి మాత్రమే బ్రేకు వేసి కారును నిలబెడుతుంది. మనిషి పెడల్‌తో ఇలా ఒక్క చక్రాన్నే ఆపలేడు. అందువల్ల రోడ్డు మీద స్టెబిలిటీ కంట్రోల్‌ను ఆపివేయడం తెలివి కాదని నా అభిప్రాయం.

నేర్చుకోవడానికి నీళ్లు చల్లిన విశాలమైన, ఖాళీ స్థలం కావాలి. పట్టు తగ్గిన చోట జారుడు తక్కువ వేగంలోనే మొదలవుతుంది. బ్రేకు పని మలుపుకు ముందే దాదాపుగా ముగించడం, మలుపంతా యాక్సిలరేటర్‌ను నిలకడగా పట్టుకోవడం, స్టీరింగ్ తిన్నగా అవుతున్నకొద్దీ మాత్రమే శక్తి పెంచడం అక్కడ అలవాటు చేసుకోవాలి. జారుడు సంకేతం కంటి కన్నా ముందే ఒంటికి తెలుస్తుంది, ఎందుకంటే కారు తిరిగే వేగంలో మార్పును లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలు పసిగడతాయి. వెనుక భాగం ఎటు జారితే స్టీరింగ్‌ను అటే తిప్పాలి, చూపు మాత్రం వెళ్లదలచిన చోటే ఉండాలి. చాలామంది ఇక్కడి వరకు త్వరగానే నేర్చుకుంటారు. చిక్కు తరువాత వస్తుంది: టైర్లకు పట్టు తిరిగి దొరికే క్షణానికి స్టీరింగ్ ఇంకా ఎదురు తిరిగే ఉంటే, ఒక పక్కకు ఒరిగిన స్ప్రింగులు వెనుదిరిగే ఊపు కూడా కలిసి, కారు రెండవ వైపుకు మొదటిసారి కన్నా జోరుగా విసురుకుంటుంది. ముందు చక్రాల అమరికే వాటిని కారు కదిలే దిశకు తిప్పుతుంది గనుక, అనుభవజ్ఞులు స్టీరింగ్‌ను బిగపట్టకుండా, చేతుల్లోంచి దానంతట అది తిరిగి వచ్చేలా కాస్త వదులుగా పట్టుకుంటారు.