నక్కవాగు నీళ్ల గురించి ఏ కాగితమూ అడగని ప్రశ్న

హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరులో మందుల కంపెనీల కాలుష్యం మాట వస్తే ‘పర్మిషన్లు లేకుండా నడిపిస్తున్నారు’ అంటారు చాలామంది. అలా నడిపినవాళ్లూ ఉన్నారు. కానీ ఈ యాభై ఏళ్ల చరిత్ర చదువుతుంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే విషయం. ఫీజు కట్టి, ఫారం నింపి, కాలుష్య నియంత్రణ మండలి సంతకంతో బయటికి వదిలిన నీళ్లలో కూడా ఏముందో చాలాకాలం ఎవరికీ తెలియదు. అడిగే గడి ఆ ఫారంలో లేదు కాబట్టి.

మొదలు 1974లో ఉంది. ఆ ఏడాది పార్లమెంటు జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం చేసింది. నీళ్లు రాష్ట్రాల పరిధిలోని అంశం కనుక రాష్ట్రాలు విడివిడిగా ఆమోదిస్తేనే అది వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ 1976లో ఆమోదించి కాలుష్య నియంత్రణ మండలిని పెట్టుకుంది. మండలి సమ్మతి లేకుండా ఏ ఫ్యాక్టరీ కూడా వాగులోకో, బావిలోకో, నేల మీదికో వ్యర్థ జలాలు వదలకూడదన్నది ఆ చట్టంలోని 25వ సెక్షన్. ఆ సమ్మతినే పరిశ్రమల్లో అందరూ ‘కన్సెంట్’ అంటారు. కట్టడానికి ముందు ఒకటి, అది సీఎఫ్‌ఈ. నడపడానికి ముందు ఇంకొకటి, అది సీఎఫ్‌ఓ. రోజుకు ఎన్ని కిలోలీటర్ల నీళ్లు వాడతారు, ఎన్ని వదులుతారు, ఎక్కడ వదులుతారు, అందులో బీఓడీ ఎంత, సీఓడీ ఎంత అన్నవి ఆ కాగితంలో వరుసగా ఉంటాయి. వాగులోకి వదిలే నీళ్లకు సాధారణ పరిమితి లీటరుకు బీఓడీ 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250.

బీఓడీ అంటే నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. సీఓడీ అంటే ఆ మురికిని రసాయనంతో విరగగొట్టడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పేది. ఊరి మురుగు నీటిని, చక్కెర మిల్లు నీటిని తూచడానికి అది సరిపోతుంది. ఈ లెక్కల వెనుక మరో నమ్మకం కూడా ఉంది: వదిలిన నీరు పెద్ద ప్రవాహంలో కలిసి పలచబడుతుందని. గోదావరి ఒడ్డున ఆ మాట కొంతైనా నిలుస్తుందేమో. పటాన్‌చెరు దగ్గర ఉన్నది నక్కవాగు. వానాకాలంలో పారి మంజీరలో కలుస్తుంది, ఎండలు ముదిరితే ఎండిపోవాల్సిన వాగు. కంపెనీలు వచ్చాక అది ఎండలేదు. ఏప్రిల్‌లో అందులో పారేది కంపెనీల నీళ్లే. ఇక పలచబడేది దేనిలో కలిసి?

కంపెనీలు అక్కడికే ఎందుకు వచ్చాయన్నదానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. మెదక్ వెనుకబడిన జిల్లా కాబట్టి రాయితీలు దొరికాయి. హైదరాబాద్ పక్కనే ఉంది, బొంబాయి రోడ్డు మీద ఉంది. 1972లో అమల్లోకి వచ్చిన పేటెంట్ చట్టం మందులకు తయారీ పద్ధతి మీదే తప్ప మందు మీద పేటెంట్ లేకుండా చేసింది. దాంతో అదే మందును మరో దారిలో తయారుచేయగల కెమిస్టుకు గిరాకీ పెరిగింది. అలాంటివాళ్లను బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ అప్పటికే తయారుచేసి పెట్టింది. దేశానికి చవకగా మందులు అందించిన పరిశ్రమ ఇక్కడే పెరిగింది. ఆ మాట దాచాల్సిన పని లేదు, నేను దాచను కూడా. కానీ దాని ఖర్చులో ఒక వాటాను పోచారం, బాచుగూడెం, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్లు కట్టాయి. బావిలో నీరు రంగు మారింది. వరి ఏపుగా పెరిగినా గింజ పట్టలేదు. వాగులో నీళ్లు తాగిన గొడ్లు చచ్చాయి. అక్కడే ప్రాక్టీసు చేసిన డాక్టర్ కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల్లో ఇదంతా చూసి దశాబ్దాలపాటు పోరాడారు.

1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు జిల్లా జడ్జితో పంట నష్టం అంచనా వేయించి పరిహారం ఇప్పించింది, ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వమంది. 2001లో కేసు హైకోర్టుకు, తర్వాత అక్కడి నుంచి చెన్నైలోని హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 2017లో తీర్పు వచ్చింది. అప్పటికి 27 ఏళ్లు. పిటిషన్ వేసిన ఏడాది పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లయ్యేంత కాలం.

ఈ మధ్యలో, 1994లో, ఉమ్మడి శుద్ధి కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. దాన్నే సీఈటీపీ అంటారు. చిన్న కంపెనీ ఒక్కటే శుద్ధి యంత్రాలు పెట్టుకోలేదు కాబట్టి అందరి నీళ్లూ ట్యాంకర్లలో ఒకచోటికి తెచ్చి శుద్ధి చేయాలన్నది ఆలోచన. మంచి ఆలోచనే. కానీ దానితో రెండు చిక్కులు వచ్చాయి. కంపెనీ గేటు నుంచి సీఈటీపీ గేటు దాకా ట్యాంకర్ ప్రయాణం కొత్తగా పుట్టింది. వాన పడిన రాత్రి ఆ ట్యాంకర్లు నాలాల్లోకి వదిలేస్తున్నాయన్న ఫిర్యాదు ఈ ఊళ్లలో చాలా పాతది. రెండోది, తొంభై దాకా మందుల కంపెనీల నీళ్లు కలిశాక ఏ విషం ఎవరిదో తేల్చే దారి మూసుకుపోయింది.

అసలు సంగతి 2007లో బయటపడింది. యోకిమ్ లార్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త బృందం ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించింది. బీఓడీ కోసం కాదు, మందుల కోసం చూసింది. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికన్నా అది ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోయిన సిప్రోఫ్లోక్సాసిన్ సుమారు 44 కిలోలని, స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజుల్లో వాడేదానికి సమానమని వాళ్లు లెక్కగట్టారు. రెండేళ్ల తర్వాత ఆ చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందులు కనిపించాయి. జలుబు చేస్తే మనం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సెట్రిజిన్ వాటిలో ఒకటి. మనం కొనుక్కునే ఆ మందు అక్కడ నీళ్లలోనే ఉంది.

శుద్ధి కేంద్రంలో మురికిని తినేది బ్యాక్టీరియా. ఆ తొట్లలోకి వచ్చే నీళ్లలో ఉన్నది బ్యాక్టీరియాను చంపే మందు. చావగా మిగిలినవి మందుకు లొంగనివి. అవే పెరుగుతాయి, నీళ్లతో పాటు బయటికి వస్తాయి. అవి ఆ వాగు ఒడ్డునే ఆగిపోవు కదా.

2009లో కేంద్ర కాలుష్య మండలి పారిశ్రామిక వాడలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చింది. అలాంటి చోట్ల కొత్త ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతులు కొంతకాలం ఆపేశారు. అదే రోజుల్లో సీఈటీపీ నీళ్లను నక్కవాగులో వదలకుండా సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేసి హైదరాబాద్ మురుగు కాలువలో కలిపారు. అక్కడి నుంచి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, తర్వాత మూసీకి. నక్కవాగు ఊళ్లకు కొంత ఊపిరి దొరికిందని ఒప్పుకుంటాను. కానీ అంబర్‌పేట దిగువన మూసీ నీళ్లతో ఆకుకూరలు, పశువులకు గడ్డి పండించేవాళ్లూ రైతులే.

2020లో ఒకే ఏడాది రెండు విషయాలు జరిగాయి. మార్చి 27న కేంద్రం బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్రాజెక్టులను బీ2 కేటగిరీలోకి మార్చింది. అంటే పర్యావరణ ప్రభావ నివేదిక అక్కర్లేకపోయింది, ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకపోయింది. కోవిడ్ కాలంలో మందుల కొరత రాకూడదన్నది కారణం. తాత్కాలికమని చెప్పి, తర్వాత గడువు పొడిగించారు. ఊరివాళ్లు లేచి నిలబడి కంపెనీని ప్రశ్న అడగగల చోటు ఆ ఒక్క సభే. 1997 నుంచి చట్టం ఇచ్చిన ఆ హక్కు అంత తేలిగ్గా పోవడం నాకు మింగుడుపడదు.

రెండోది అంతకు ముందు, జనవరిలో జరిగింది. మందుల కంపెనీలు వదిలే నీళ్లలో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ పర్యావరణ శాఖ ముసాయిదా ఇచ్చింది. అడగాల్సిన ప్రశ్న మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది. లార్సన్ బృందం నివేదికకు అప్పటికి 13 ఏళ్లు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వెలువడింది. బీఓడీ లాంటి పాత వరుసలు అందులో ఉన్నాయి. 121 యాంటీబయాటిక్‌ల పట్టిక లేదు.