జాబ్స్ పోయాక బయటికొచ్చిన మెయిళ్లు

2011 అక్టోబర్ 5న స్టీవ్ జాబ్స్ చనిపోయారు. వయసు 56. ఆ వారం యాపిల్ స్టోర్ల ముందు జనం పూలు పెట్టారు, కొవ్వొత్తులు వెలిగించారు, ఓ పక్క కొరికిన యాపిల్ పండ్లు వదిలి వెళ్లారు. ఆ దుఃఖం నిజమైనదే. 1976లో తానే మొదలుపెట్టిన కంపెనీని 1985లో వదిలి వెళ్లాల్సి వచ్చింది. 1997లో అది మునిగిపోయే స్థితిలో ఉండగా తిరిగొచ్చి ఐఫోన్ దాకా నడిపించారు. అదే నెలలో, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే సీ లాంగ్వేజ్ తయారుచేసిన డెన్నిస్ రిచీ పోయారు. ఆయన కోసం ఎక్కడా కొవ్వొత్తులు వెలిగినట్టు నాకు గుర్తులేదు.

జాబ్స్ మీద చర్చ ఎప్పుడూ ఆయన స్వభావం చుట్టూనే తిరుగుతుంది. మేధావి అని కొందరు, కర్కశుడని కొందరు. నాకు మాత్రం ఆ కోపతాపాల కన్నా జీతగాళ్ల విషయంలో ఆయన ఏం చేశారన్నదే ముఖ్యం. చైనాలో ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్‌లో 2010లో కార్మికులు వరసగా ఆత్మహత్యలు చేసుకుంటుంటే, అది వెట్టి చాకిరీ ఫ్యాక్టరీ కాదని వెనకేసుకొచ్చారు. అది అందరూ విన్న మాటే. రెండోది చాలాకాలం గుట్టుగా ఉండిపోయింది.

'మీ ఇంజినీర్లకు మేం ఫోన్ చేయం, మా వాళ్లకు మీరు చేయొద్దు' అని సిలికాన్ వ్యాలీ పెద్ద కంపెనీలు లోపల్లోపల మాట్లాడుకున్నాయి. బయటి ఆఫర్ వస్తేనే కదా మన విలువెంతో తెలిసేది, దాన్ని చూపించి జీతం పెంచమని అడిగేది! అమెరికాలో పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న మన ఇళ్లలో ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఫోనే రాకుండా చేశారు. 2007 మార్చిలో గూగుల్ రిక్రూటర్ ఒకరు యాపిల్ ఉద్యోగిని కదిపారని జాబ్స్ గూగుల్ సీఈఓ ఎరిక్ ష్మిట్‌కు మెయిల్ పెట్టారు. ష్మిట్ అప్పట్లో యాపిల్ బోర్డులోనూ ఉన్నారు. ఆ రిక్రూటర్‌ను తీసేస్తున్నామని కబురొస్తే, జాబ్స్ నవ్వు ముఖం గుర్తు పెట్టి తన కంపెనీవాళ్లకు పంపారు. ఒకరి ఉద్యోగం పోయిందని నవ్వు! ఎన్నిసార్లు చదివినా మింగుడుపడదు.

ఈ ఒప్పందాల మీద 2010లో అమెరికా న్యాయశాఖ ఆరు కంపెనీలతో రాజీ చేసుకుంది, జరిమానా లేకుండానే. మరుసటి ఏడాది ఉద్యోగులే కోర్టుకెక్కారు. సుమారు 64,000 మంది తరఫున కేసు. కంపెనీలు ఇస్తామన్న 32.45 కోట్ల డాలర్లు చాలవని 2014లో జడ్జి లూసీ కో తోసిపుచ్చారు. ఈ వ్యవహారంలో జాబ్స్ కీలక వ్యక్తి అనడానికి కావలసినన్ని ఆధారాలున్నాయని కూడా రాశారు. చివరికి 2015లో 41.5 కోట్ల దగ్గర తేలింది. యాపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ కలిసి కట్టాయి. అప్పటికి జాబ్స్ పోయి నాలుగేళ్లు.

ఆ కేసు కాగితాల్లోనే ఇంకో మెయిల్ ఉంది. 2007లో ఇదే ఒప్పందానికి రమ్మని జాబ్స్ ఫోన్లు తయారుచేసే పామ్ కంపెనీ సీఈఓ ఎడ్ కాలిగన్‌నూ అడిగారు. ఒప్పుకోకపోతే పేటెంట్ కేసులు తప్పవని బెదిరించారు. పామ్ యాపిల్ ముందు చాలా చిన్న కంపెనీ. అయినా కాలిగన్ ఒప్పుకోలేదు. ఉద్యోగి ఇష్టంతో పనిలేకుండా ఇలా కట్టడి చేయడం తప్పని, బహుశా చట్టవిరుద్ధం కూడానని తిరిగి రాశారు.