చీపురుపుల్లలు, తుమ్మకంప, నిన్నటి అన్నం

"రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున్నే నిమ్మకాయ పులిహోర చేస్తే మెతుకుకి మెతుకు విడిగా వస్తుంది. పండగ రోజు అప్పుడే వండిన అన్నంతో చేస్తే ముద్దయిపోతుంది. నీకు హస్తవాసి లేదని మా అత్తగారి తీర్పు. నిజమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

హస్తవాసికి ఇందులో పనేమీ లేదండీ. నిన్నటి అన్నం, ఇవాళ్టి అన్నం చూడ్డానికి ఒకటే గానీ లోపల రెండూ వేరు వేరు పదార్థాలు. ఆ తేడా తెలిస్తే ఇంట్లో మిగిలినవాటితో ఏం చేసుకోవచ్చో వంటల పుస్తకం తెరవకుండానే చెప్పేయొచ్చు.

తెల్ల బియ్యంలో ముప్పాతిక వంతుకు పైగా ఉండేది స్టార్చే. బడిలో అయోడిన్ చుక్క వేశాం, నీలం రంగు వచ్చింది, స్టార్చ్ ఉన్నదని రాసి మార్కులు తెచ్చుకున్నాం. స్టార్చ్‌లో రెండు రకాల అణువులుంటాయని, ఆ ముదురు నీలం వచ్చేది ఒక్క అమైలోజ్ వల్లనేనని, రెండోదైన అమైలోపెక్టిన్ ఎర్రగా, ఊదాగా తిరుగుతుందని కూడా అప్పుడే చెప్పి ఉంటే, ఆ పాఠం పరీక్షకే కాకుండా వంటింటికీ పనికొచ్చేది.

అమైలోజ్ అంటే గ్లూకోజ్‌లను వందలు, వేలుగా ఒకదాని వెనక ఒకటి గుచ్చిన బారు గొలుసు. కొబ్బరి ఈనె అనుకోండి. అమైలోపెక్టిన్‌లోనూ గ్లూకోజ్‌లే, కాకపోతే సుమారు పాతిక గ్లూకోజ్‌లకొక కొమ్మ, ఆ కొమ్మకి మళ్ళీ కొమ్మలు. అది తుమ్మకంప. ఈనెల్ని చీపురు కట్టడం ఎంతసేపు? నాలుగు దగ్గరికి చేర్చి తట్టితే వాటంతటవే సర్దుకుంటాయి. తుమ్మకంపని మోపు కట్టాలంటే మాత్రం కొమ్మకి కొమ్మ అడ్డం. ఎంత అదిమినా చివరి రెమ్మలు మాత్రమే అక్కడక్కడా ఒకదానికొకటి ఆనుకుంటాయి.

పచ్చి బియ్యపు గింజలో ఈ రెండూ చిన్న చిన్న రేణువుల్లో గట్టిగా కుక్కి ఉంటాయి. చన్నీళ్ళు వాటిని విడదీయలేవు. ఎసరు వేడెక్కి 55 నుంచి 79 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట, బియ్యం రకాన్ని బట్టి, ఆ కట్లు తెగుతాయి. రేణువులు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, కొంత స్టార్చ్ బయటికి కారుతుంది. గంజి వారిస్తే అందులో పోయేది అదే. అత్తెసరు పెడితే అది మెతుకుల మీదే జిగురులా ఉండిపోతుంది. ఇక వేడి వేడి అన్నంలో నిమ్మరసం పోసి గరిటెతో తిప్పామంటే తడి జిగురుకి ఇంకాస్త తడి కలిసినట్టు, విరిగిన మెతుకుల్లోంచి ఇంకాస్త జిగురు బయటికొచ్చినట్టు. ముద్ద కాక ఏమవుతుంది?

అన్నం చల్లారేటప్పుడు కథ వెనక్కి నడుస్తుంది. విడిపోయిన ఈనెలు మళ్ళీ జతకడతాయి. మొదట రెండేసి పెనవేసుకుంటాయి, ఆ తర్వాత కట్టలవుతాయి. ఇదంతా కొన్ని గంటల్లోనే. కంప వంతు చాలా నెమ్మది. దాని రెమ్మల కొసలు సర్దుకోవడానికి రోజులు పడుతుంది. కట్ట బిగుస్తున్నకొద్దీ మధ్యలో ఉన్న నీటిని బయటికి తోస్తుంది. మెతుకు గట్టిపడుతుంది, పైన జిగురు తగ్గుతుంది. దీన్నే రెట్రోగ్రేడేషన్ అంటారు.

నాకు బాగా నచ్చే భాగం ఇక్కడే ఉంది. కంప రెమ్మలు అల్లుకున్న చోట్లు 50, 60 డిగ్రీలకే విడిపోతాయి. ఈనెల కట్టలు విడిపోవాలంటే 120 డిగ్రీలు దాటాలి. నీళ్ళున్న అన్నం మామూలు మూకుట్లో 100 దాటదు. అంటే నిన్నటి అన్నాన్ని పోపులో వేసి వేడిచేసినప్పుడు కంప వదులై మెతుకు మెత్తబడుతుంది, ఈనెల కట్టలు మాత్రం చెక్కుచెదరకుండా మెతుకు ఆకారాన్ని నిలబెడతాయి. మెత్తదనం, పొడిపొడితనం రెండూ ఒకే మెతుకులో దొరకడానికి కారణం ఆ తేడాయే. కంప తప్ప ఈనెలు దాదాపు లేని జిగట బియ్యం సంగతి చూడండి. థాయ్‌లాండ్‌లో, మన ఈశాన్య రాష్ట్రాల్లో చాలాచోట్ల తింటారు. ఎంత చల్లారినా అది విడివిడిగా రాదు, పులిహోరకి పనికిరాదు. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఈనెల వాటాలో మధ్యస్థం. అందుకే అది వేడిగా పప్పులోకీ బాగుంటుంది, మర్నాడు పులిహోరకీ ఒప్పుకుంటుంది.

అయితే పండగ రోజు నిన్నటి అన్నం వాడరు కదా. అత్తగారు చేసే పని గమనించండి: అన్నం వార్చగానే వెడల్పాటి బేసిన్‌లో పరిచి, నూనె, పసుపు, కరివేపాకు వేసి ఫ్యాన్ కింద వదిలేస్తారు. ఆవిరి పోయి మెతుకు పైపొర ఆరుతుంది, నూనె పూత మెతుకునీ మెతుకునీ ఎడంగా ఉంచుతుంది, ఈలోగా ఈనెలు కట్టడం మొదలవుతుంది. నిమ్మరసం కలిపేది ఆ తర్వాతే. ఆవిడ హస్తవాసి ఆ అరగంట ఆరబెట్టడంలో ఉంది.

అన్నమైనా, అదే స్టార్చ్ ఉన్న బ్రెడ్ అయినా ఎండిపోవడం వల్లే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. ఫ్రెంచి శాస్త్రవేత్త బుసింగో 1852లోనే ఇది కాదని తేల్చాడు. తేమ పోకుండా మూసి ఉంచిన రొట్టె కూడా గట్టిపడింది, మళ్ళీ వేడిచేస్తే మెత్తబడింది. పైగా ఈ కట్టలు కట్టే పని అన్నిటికంటే జోరుగా సాగేది 4 డిగ్రీల దగ్గర, అంటే సరిగ్గా మన ఫ్రిజ్‌లో. కట్టలు మొలకెత్తడానికి చల్లదనం కావాలి, పెరగడానికి అణువులు కాస్త కదలాలి. రెండూ కుదిరేది అక్కడే. డీప్ ఫ్రీజర్‌లో కదలికే ఆగిపోతుంది కనుక కట్టలూ ఆగిపోతాయి. బ్రెడ్‌ని ఫ్రిజ్‌లో పెట్టడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. బయట ఉంచండి, లేదా నేరుగా ఫ్రీజర్‌లో పెట్టండి.

ఇక ఇంట్లో ఏముందో చూడండి. మిగిలిన ఇడ్లీలా? వేడివి చిదిమితే పేస్టవుతాయి. ఫ్రిజ్‌లో పెట్టి చిదిమితే రవ్వలా రాలతాయి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి పోపుతో ఇడ్లీ ఉప్మా. వేపుడుకి బంగాళాదుంపలు ముందు రోజే ఉడికించుకుంటే ముక్క చెదరదు. దద్దోజనానికి మాత్రం అంతా తలకిందులు. కట్టలు కట్టకముందే, వేడిగా ఉండగానే అన్నం మెదిపేయాలి, పాలు ధారాళంగా పోయాలి. ఎందుకంటే మధ్యాహ్నానికి అది ఎలాగూ బిగుసుకుంటుంది. పిల్లలు తీపి అడిగితే, నిన్నటి అన్నాన్ని పాలలో వేసి పప్పుగుత్తితో బాగా మెదిపి ఉడికించి, దించాక బెల్లం కలపండి, పది నిమిషాల్లో పరమాన్నం. పచ్చి బియ్యంతో చేసేటప్పుడు బెల్లం ముందే వేస్తే అన్నం ఉడకదని పెద్దలనేది అక్షరాలా నిజం. బెల్లం నీటిని తన దగ్గరే పట్టుకుంటుంది, స్టార్చ్ కట్లు తెగడానికి ఇంకా ఎక్కువ వేడి కావలసివస్తుంది.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం తింటే షుగర్ పెరగదని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఇందులో నిజం గోరంత. గట్టిగా బిగిసిన కట్టలు మన ఎంజైములకి లొంగవు, అది నిజమే. కానీ ఒక కొలతలో 100 గ్రాముల తాజా అన్నంలో అలాంటి స్టార్చ్ 0.64 గ్రాములుంటే, ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి వేడిచేసినదాంట్లో 1.65 గ్రాములు. మిగతాదంతా ఎప్పటిలాగే గ్లూకోజ్ అవుతుంది. మందులు మానేయకండి.

భయపడాల్సింది మాత్రం ఇంకొకటుంది. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం రాత్రంతా గట్టు మీద గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా పోదు, పోపు వేడి దాన్నేం చేస్తుంది? 1970లలో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళు వాంతులు చేసుకున్నప్పుడు బయటపడింది ఇదే. మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నం సంగతి వేరు, అందులో పులుపు ఈ బాక్టీరియాని చాలావరకు అదుపులో ఉంచుతుంది. ఉత్త అన్నానికి ఆ రక్షణ లేదు. మిగులుతుందనిపిస్తే భోజనాలు కాగానే పలచగా పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపు మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఈనెలు కట్టుకోవడానికి కావలసిన చల్లదనం కూడా అక్కడే ఉంది.