సదస్సుకు వెళ్తే పెట్టిన ఖర్చు తిరిగొస్తుందా? ఫార్మా మార్కెటింగ్ వాళ్ళ కోసం అపోహలు – వాస్తవాలు

జీడిమెట్లలో ఇంటర్మీడియట్లు, అంటే మందుల తయారీలో మధ్య దశల్లో వాడే రసాయనాలు, తయారుచేసే ఒక చిన్న యూనిట్‌కు పద్నాలుగేళ్ళుగా మార్కెటింగ్ చూస్తున్నాను. దసరా దగ్గర పడుతోందంటే మా వాళ్ళందరిలో ఒకటే చర్చ: ఈసారి సీపీహెచ్ఐకి, అంటే యూరప్‌లో ఏటా జరిగే పెద్ద ఫార్మా ప్రదర్శనకు, వెళ్దామా, వద్దా? యూరప్‌కు ఇద్దరు వెళ్ళిరావాలంటే టికెట్లు, హోటలు, వీసా కలిపి చిన్న యూనిట్‌కు పెద్ద బరువే. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను తరచూ అడిగేవి, మొదట్లో నేనూ నమ్మి నష్టపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎంత పెద్ద సదస్సైతే అంత లాభం.

వాస్తవం: 2024లో మిలాన్‌లో, 2025లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన సీపీహెచ్ఐ మూడేసి రోజులే. హాలు తర్వాత హాలు, వేల స్టాళ్ళు. కూర్చుని పని మాట్లాడుకునే మీటింగులు రోజుకు ఏడెనిమిది కంటే ఎక్కువ కుదరవు. అవి కూడా నెల ముందే మెయిల్ పెట్టి టైమ్ తీసుకుంటేనే. అక్కడికి వెళ్ళాక చూసుకుందాం అనుకుంటే కాళ్ళు నొప్పులు, బ్యాగు నిండా బ్రోషర్లు తప్ప ఏమీ మిగలవు.

ఇంతవరకు నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది హైదరాబాద్‌లోనే నలభై మంది కూర్చున్న ఒక చిన్న సమావేశం. 2018 జులైలో వాల్సార్టాన్ అనే బీపీ మందులో క్యాన్సర్ తెప్పించవచ్చని భావించే ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడి, చాలా దేశాల్లో ఆ మందును వెనక్కి తీసుకున్నారు. చైనాలోని ఒక తయారీదారు ప్రాసెస్ మార్చి డీఎంఎఫ్ అనే సాల్వెంటు (ద్రావకం) వాడాడు, చివర్లో మిగిలిన అజైడు అనే రసాయనాన్ని పోగొట్టడానికి సోడియం నైట్రైట్ వేశాడు. డీఎంఎఫ్ నుంచి వచ్చే డైమిథైల్ ఎమీన్, ఈ నైట్రైటు కలిసి తెచ్చిన ముప్పు అది. ఆ తర్వాత కొన్ని నెలలకు జరిగిన సమావేశమిది. స్లైడ్లు అందరికీ తెలిసినవే. టీ విరామంలో ఒక పెద్దాయన, ప్రొడక్షన్‌లోనే జుట్టు నెరిసినవారు, నన్ను ఒక్క ప్రశ్న అడిగారు: "రికవర్డ్ సాల్వెంటు ఎక్కడ కొంటున్నారమ్మా? ఆ డ్రమ్ములో అంతకుముందు ఏముందో అడిగారా?" రికవర్డ్ సాల్వెంటు అంటే ఒకసారి వాడాక శుద్ధి చేసి మళ్ళీ అమ్మేది; పాత మలినాలు అందులో మిగిలిపోవచ్చు. మేము అడగలేదు. మర్నాడే అడిగాం, ఆ వారమే సరఫరాదారుణ్ణి మార్చాం. ఆర్నెల్ల తర్వాత ఆడిట్‌కు వచ్చిన కస్టమరు అడిగిన మొదటి ప్రశ్న అదే.

అందుకే రిజిస్ట్రేషన్‌కు డబ్బు కట్టేముందు నేను చూసేది ఒక్కటే: నాకున్న సమస్యే ఉన్నవాళ్ళు, లేదా దాన్ని దాటి వచ్చినవాళ్ళు ఆ గదిలో ఎంతమంది ఉంటారు?

అపోహ: పెద్ద పేరున్న వక్తలుంటే తప్పకుండా వెళ్ళాలి.

వాస్తవం: ప్రారంభోపన్యాసాలు చాలావరకు తర్వాత వీడియోలో దొరుకుతాయి. హైదరాబాద్‌లో జరిగే బయోఏషియా సదస్సు లాంటి చోట్ల కూడా నేను వక్తల పేర్ల కంటే ప్రశ్నలకు ఎంత సమయం ఇచ్చారో ముందు చూస్తాను. భోజన విరామం గంటైనా లేకపోతే నాకు అనుమానమే.

అపోహ: స్టాల్ పెట్టకపోతే ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: మొదటి ఏడాది విజిటర్‌గా వెళ్ళండి. మీ పోటీదారుల స్టాళ్ళలో ఎవరు కూర్చుంటున్నారో, ఏ దేశం వాళ్ళు ఏ ప్రొడక్టు అడుగుతున్నారో చూడండి. స్టాల్ పెడితే మనిషి అక్కడే ఇరుక్కుపోతాడు, కస్టమర్ దగ్గరికి మనం వెళ్ళలేం. పెట్టాలని నిర్ణయించుకున్నాక మాత్రం చిన్న పరిశ్రమలకు స్టాల్ అద్దెలో సాయం చేసే ప్రభుత్వ పథకాలున్నాయి. దరఖాస్తు ముందే పెట్టుకోవాలి. మందుల ఎగుమతులను ప్రోత్సహించే మండలి ఫార్మెక్సిల్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, వెళ్ళి కనుక్కోండి.

అపోహ: ఆర్డరు లేకుండా తిరిగొస్తే డబ్బు దండగ.

వాస్తవం: ఈ మాట మీద నేను మా యాజమాన్యంతో చాలాసార్లు వాదించాను. మన రంగంలో స్టాల్ దగ్గర ఆర్డరు ఇచ్చేవాళ్ళు ఉండరు. ముందు వంద గ్రాముల శాంపిలు అడుగుతారు. దాని సీఓఏ (పరీక్షల ఫలితాల సర్టిఫికెట్), ఇంప్యూరిటీ ప్రొఫైల్ (ఏ మలినాలు ఎంత ఉన్నాయో) చూస్తారు. తర్వాత ఆడిట్. ఆపైన మన సరుకుతో వాళ్ళు బ్యాచ్‌లు తీసి, మందు ఎన్నాళ్ళు చెడకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ పరీక్షలో పెడతారు. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో పెట్టే యాక్సిలరేటెడ్ పరీక్షకే ఆరు నెలలు పడుతుంది. సరుకు కొనే చోటు మార్చినందుకు (సోర్సు మార్పు) మందుల నియంత్రణ సంస్థల అనుమతి వేరే. ఒక కస్టమరును 2016లో కలిస్తే, మొదటి పెద్ద ఆర్డరు 2018 చివర్లో వచ్చింది. ఈరోజుకీ కొంటున్నారు. సదస్సు లెక్క ఆ నెల ఖర్చుల పుస్తకంలో తేలదు, కనీసం రెండేళ్ళు చూడాలి.

మరి ఆ రెండేళ్ళలో కస్టమరు మనల్ని మరచిపోకుండా చూసుకోవడం మన పని. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండొందల కార్డులు తెచ్చాను. పది రోజుల తర్వాత ఆఫీసులో తీసి చూస్తే ఎవరు ఏం అడిగారో పదిమందివి కూడా గుర్తులేవు. మంచి అవకాశాలు అలా పోయాయని ఇప్పటికీ బాధ. ఇప్పుడు ప్రతి మీటింగ్ అయ్యాక నిలబడే కార్డు వెనుక రెండు ముక్కలు రాస్తాను: ఏ ప్రొడక్టు, ఎన్ని కిలోలు, ఏం పంపుతానన్నాను. వారంలోపు మెయిల్ వెళ్ళాలి, అందులో వాళ్ళు అడిగిన దానికి జవాబు ఉండాలి. "మిమ్మల్ని కలవడం ఆనందం" అని మాత్రమే రాస్తే ఎవరూ చదవరు.

ఇక "మీ సంస్థ అవార్డుకు ఎంపికైంది, ఇంత కట్టండి" అనే మెయిళ్ళు, "సదస్సుకు వచ్చేవాళ్ళ జాబితా అమ్ముతాం" అనే మెయిళ్ళు వస్తుంటాయి. రెండిటికీ డబ్బు కట్టకండి.

అపోహ: ఇంగ్లిష్ బాగా రాకపోతే నెగ్గుకురాలేం.

వాస్తవం: మన ఊళ్ళ నుంచి వచ్చిన కెమిస్టులు ఈ టెన్షన్‌తోనే వెనక ఉండిపోవడం చూస్తే నాకు మనసు ఒప్పదు. ఎదుటివాళ్ళలో స్పెయిన్, కొరియా, బ్రెజిల్ వాళ్ళుంటారు, వాళ్ళకూ ఇంగ్లిష్ నేర్చుకున్న భాషే. ఒకసారి ఒక కొనుగోలుదారు, మా కెమిస్టు ఇరవై నిమిషాలు కాగితం మీద రియాక్షన్ గీసుకుంటూనే మాట్లాడుకున్నారు, నేను పక్కన కూర్చున్నానంతే. మీ ప్రొడక్టుల జాబితాలో ప్రతి పేరు పక్కన సీఏఎస్ నంబరు (ఒక్కో రసాయనానికి ఉండే గుర్తింపు సంఖ్య), నెలకు ఎన్ని కిలోలు చేయగలరో, ప్యూరిటీ ఎంతో రాసి, ఓ యాభై కాపీలు తీసుకెళ్ళండి. ఒక తెల్ల కాగితాల ప్యాడ్, రెండు పెన్నులు కూడా.