ప్యాడ్లు మంచిగనే ఉన్నా బ్రేక్ ఎందుకు కీచుమంటుంది?

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: “బ్రేక్ తొక్కితే కుయ్యిమంటుంది సార్. మెకానిక్‌కు చూపిస్తే ప్యాడ్లు ఇంకా మస్తున్నయ్ అంటున్నడు. మరి ఎందుకు అరుస్తున్నట్టు? పైగా షెడ్డు కాడికి పోతే సప్పుడే రాదు.” ఆఖరి మాట చదివి నవ్వొచ్చింది. సగం జవాబు అందులోనే ఉంది.

డిస్క్ బ్రేకు ఎలా పనిచేస్తుందో మొదటి నుంచి చెప్పను. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప డిస్కు, దాన్ని రెండు పక్కల నుంచి అదిమే ప్యాడ్లు, ఆ ప్యాడ్లను నొక్కే కాలిపర్. ఇంత తెలిస్తే చాలు. అందరూ ప్యాడ్ అరుస్తోందనుకుంటారు గానీ గట్టిగా మోగేది ఎక్కువగా డిస్కే. ప్యాడ్ దాన్ని మోగిస్తుంది, అంతే.

ఎలా మోగిస్తుందో తెలియాలంటే బడిలో చాక్‌పీసు గుర్తు చేసుకోండి. కొత్త చాక్‌పీసును వెనక చివర పట్టుకుని, కొన ముందుకు పెట్టి, బోర్డు మీదికి తోస్తూ గీత గీస్తే క్లాసంతా చెవులు మూసుకుంటుంది. అదే చాక్‌పీసును వాల్చి లాగుతూ గీస్తే గీత పడుతుంది, సప్పుడు రాదు. తోసేటప్పుడు రాపిడి కొనను ఆపుతుంది, ఆపిన కొద్దీ కొన బోర్డుకు ఇంకా గట్టిగా ఒత్తుకుంటుంది, ఒత్తుకున్న కొద్దీ రాపిడి ఇంకా పెరుగుతుంది, అలా పెరిగి పెరిగి చాక్‌పీసు కంటికి కనబడనంత వంగి, ఇక తట్టుకోలేక కొన చటుక్కున జారుతుంది. జారగానే నిటారవుతుంది, మళ్లీ ఒత్తుకుంటుంది. సెకనుకు వందల, వేల సార్లు ఇదే తంతు. బ్రేకుల విషయంలో ఈ ‘ఒత్తుకుని జారడం’ సంగతిని 1961లో స్పర్ అనే పరిశోధకుడు సిద్ధాంతంగా రాశాడు. మన ఫిజిక్సు పుస్తకంలో స్థైతిక ఘర్షణ ఎక్కువ, జారుడు ఘర్షణ తక్కువ అని రెండు మార్కుల ప్రశ్న ఉంటుంది. ఆ తేడా వల్లనే తలుపు కిర్రుమంటుందని, వయొలిన్ పలుకుతుందని చెప్పే సార్లు ఎంతమంది? చేతిలో చాక్‌పీసు పెట్టుకుని మరీ చెప్పరు!

ఇప్పుడు ఆ చాక్‌పీసును సగానికి విరిచి రాయండి. కీచు ఆగుతుంది, లేదా స్వరం పైకి పోయి సన్నబడుతుంది. పొట్టి ముక్క అంత తేలిగ్గా వంగదు కదా. ప్యాడ్ మధ్యలో గాడి కోసేది కూడా చాలావరకు ఇందుకే, ఒక పొడుగు ముక్కను రెండు పొట్టి ముక్కలు చేయడం. చాక్‌పీసును కొనకు దగ్గరగా పట్టుకున్నా సప్పుడు పోతుంది, వేళ్ల మెత్తదనం వణుకును తాగేస్తుంది. ప్యాడ్ వెనక అతికించే రబ్బరు పొర ఉన్న పలుచటి రేకు, అదే షిమ్, సరిగ్గా ఆ వేళ్ల పని చేస్తుంది. కొన అంచును కాస్త అరగదీసి వాలుగా చేస్తే గుచ్చుకోదు, ప్యాడ్ ముందంచును ఏటవాలుగా చెక్కేది అందుకే. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పాత షిమ్‌లు తీసి మూలకు పడేసే షెడ్లు చాలా ఉన్నాయి. ప్యాడ్లు ‘మస్తున్నా’ బండి అరవడానికి నేను ముందు అనుమానించేది దీన్నే.

ఇంకో సంగతి చూడండి. చాక్‌పీసును మెల్లగా తోసినా, వేగంగా తోసినా కీచు స్వరం పెద్దగా మారదు. ఆ స్వరాన్ని నిర్ణయించేది చాక్‌పీసు పొడవు, బిగువు, మీ చెయ్యి కదిలే వేగం కాదు. బ్రేకు కీచు కూడా అంతే, డిస్కు ఏ సహజ పౌనఃపున్యంలో, అంటే తట్టి వదిలితే తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు వణుకుతూ మోగుతుందో అదే, సుమారు 1,000 నుంచి 16,000 హెర్ట్జ్ లోపు. బండి 50లో ఉన్నా 20లో ఉన్నా అదే స్వరం. చక్రంతో పాటు లెక్కగా వచ్చే సప్పుడు వేరు. మామూలు కారు టైరు ఒక్కసారి తిరిగితే సుమారు 1.8 మీటర్లు పోతుంది, కాబట్టి 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఆరు చుట్లు, 20లో మూడు. “షర్... షర్... షర్” అని ఆ లెక్కన వస్తూ, వేగం తగ్గితే అదీ నెమ్మదిస్తే డిస్కు ఎక్కడో ఒకచోట వంకర తిరిగింది, లేదా ఏదో తగులుతోంది. వేగంతో పాటు స్వరమే పెరిగే ఊఁ మనే మోత అయితే బేరింగు వైపు చూడాలి, బ్రేకు జోలికి పోవద్దు.

మరి షెడ్డు దగ్గర ఎందుకు మౌనం? ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. డిస్కుకు వణికే పద్ధతులు చాలా, ఒక్కోదానికి ఒక్కో పౌనఃపున్యం. ప్యాడ్‌కూ అంతే. వీటిలో రెండు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు రాపిడి వాటిని జతకడుతుంది. రాపిడి గుణకం, అంటే ప్యాడ్ డిస్కును ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె, ఒక హద్దు దాటగానే రెండూ ఒకే పౌనఃపున్యంలో కలిసిపోయి, బండి చలనం నుంచి శక్తి గుంజుకుని పెరగడం మొదలుపెడతాయి. ప్యాడ్ రాపిడి గుణకం మామూలుగా 0.35, 0.45 మధ్య ఉంటుంది, తేమకు, వేడికి అటూ ఇటూ కదులుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు హద్దు దాటుతుంది, మెకానిక్ దగ్గరికి చేరేలోపు వేడెక్కి కిందికి దిగుతుంది. వెయ్యి కిలోల బండిని 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే దాదాపు 1,39,000 జౌళ్ల శక్తి వేడిగా మారాలి. అందులో లవలేశం సప్పుడుగా మారినా చాలు, చౌరస్తాలో అందరూ తిరిగి చూస్తారు. అందుకే ఎంత గట్టిగా అరిస్తే అంత ప్రమాదమనుకోవద్దు. 1902లో లాంచెస్టర్ అనే బ్రిటిష్ ఇంజనీరు పేటెంటు తీసుకున్న డిస్కు బ్రేకులో రాగి ప్యాడ్లుండేవి, అవి పెట్టే గోల భరించలేకపోయారంటారు.

భయపడాల్సింది “గరగర” అని లోహం మీద లోహం గీరే మొద్దు సప్పుడుకు. లైనింగ్, అదే ప్యాడ్ మీద డిస్కుకు రాసుకునే పొర, మొత్తం అరిగి వెనక ఉక్కు పలక డిస్కును చెక్కుతోందన్నమాట. ఆ బండి ఇక నడపొద్దు. కొన్ని ప్యాడ్లకు చిన్న ఉక్కు నాలుక ఉంటుంది, లైనింగ్ 2, 3 మిల్లీమీటర్లకు చేరగానే డిస్కుకు తగిలి సన్నగా ఈలవేస్తుంది. బ్రేకు తొక్కకపోయినా ఈల వస్తుంటే, తొక్కితే మారుతుంటే దాని పనే అనుకోవచ్చు. రివర్స్ నుంచి ముందుకు మార్చి మొదటి బ్రేకు వేయగానే ఒక్క “టక్” వస్తే ప్యాడ్ క్లిప్పులు వదులై ఉంటాయి.

వానాకాలం పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు వచ్చే బరబర రాత్రి పట్టిన తుప్పు, రాచుకుని పోతుంది. కొత్త బండికి భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించినా పోత ఇనుము తడిస్తే తుప్పు పట్టక మానదు. బండికి దిష్టి తగిలిందని మిరపకాయల దండ మార్చేవాళ్లకన్నా, డిస్కు మీద నూనె చుక్కలు వేసేవాళ్లంటే నాకు భయం. కీచు ఆగుతుంది నిజమే, బండి మాత్రం ఆగదు. గ్రీజు రాసేది ప్యాడ్ వీపుకు, కాలిపర్ పిన్నులకు, అదీ బ్రేకుల కోసం అమ్మేదే, రాపిడి ముఖానికి ఎప్పుడూ కాదు.

కరీంనగర్ వైపు గ్రానైటు లారీల వెనక, క్రషర్ల పక్కన తిరిగే బండ్లది ఇంకో గొడవ. గ్రానైటులోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7, పోత ఇనుముకన్నా చాలా గట్టిది. చిన్న రవ్వ డిస్కుకు, దాని వెనక రేకు కవచానికి మధ్య ఇరుక్కుంటే బండి నడుస్తున్నంతసేపూ చెవులు చిల్లులు పడేలా గీరుతుంది. గుండె ఆగినంత టెన్షన్ పెడుతుంది గానీ చాలాసార్లు ఖాళీ స్థలంలో మెల్లగా రివర్స్ చేస్తే రాలిపోతుంది. ప్యాడ్‌లోనే దిగబడితే మాత్రం డిస్కు మీద గోరుకు తగిలే గాడి పడుతుంది, చక్రం విప్పాల్సిందే.

వెనక చక్రాలకు డ్రమ్ములుండే కార్లలో ఇంకోటి వింటారు. వానలో తడిసిన బండికి హ్యాండ్‌బ్రేక్ లాగి నాలుగు రోజులు వదిలేస్తే, డ్రమ్ము లోపలి నుంచి ఒత్తుకుని దాన్ని ఆపే షూలు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుంటాయి, కదిలించగానే “టప్” మని ఊడతాయి. చదును నేల అయితే గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలేయడం మేలు.